కోడలి సిగరెట్లు

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇళ్ళ ప్లాన్లు గీయడం ఆమె ఉద్యోగం. పదింటికల్లా ఒక ప్లాను ఆఫీసుకు పంపేయాలి, పదిన్నరకి మొగుణ్ణి వెంటబెట్టుకుని సంతాన కేంద్రానికి వెళ్ళాలి, పదకొండింటికి అతనికి పరీక్ష చేయించాలి. అంతే. ఇప్పటికి మూడుసార్లు తప్పించుకున్న ఆ పెద్దమనిషి, "ఈసారి ఒట్టు, వస్తాను. కానీ నా సిగరెట్ల సంగతి అమ్మకి చెప్పకూడదు" అని మాట తీసుకున్నాడు. పెళ్ళయి నాలుగేళ్ళు. ఈ నాలుగేళ్ళలో ఆమె మింగని మాత్ర లేదు, పడని మాట లేదు. అతనికి ఒక్క పరీక్ష చేయించడానికి మాత్రం ఇన్ని ఒప్పందాలు!

మొగుడు గీజరు వేసుకుని స్నానాలగదిలో దూరాడు. దూరాడంటే ముప్పావుగంట. ఈలోగా బల్లమీద తీసిపెట్టిన సంతాన కేంద్రం ఫైలు అత్తగారి కంటబడింది.

"పొగతాగడం వెంటనే మానాలి. మద్యం మానాలి. ఎనిమిది కిలోలు తగ్గాలి. మరీ వేడినీళ్ళ స్నానం వద్దు. ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకోవద్దు," అని పైకి చదివి, కాగితం మీదున్న పేరు చూసి, ఆవిడ కుర్చీలో కూలబడింది. పేరు కోడలిది.

అది ఆ కేంద్రంవారి పద్ధతి. పరీక్ష ఎవరికి చేసినా, లోపం ఎవరిదైనా, ఫైలు మాత్రం ఆడమనిషి పేరు మీదే తెరుస్తారు. ఆ పద్ధతి పెట్టిన మహానుభావుణ్ణి చెవి మెలేసి అడగాలి!

"ఎన్నాళ్ళనుంచమ్మా ఈ సిగరెట్లు?"

ఉన్నదున్నట్టు చెబితే అతగాడు అలిగి పరీక్షకి రాడు. "అవి నావి కావత్తయ్యా," అని మాత్రం అంది కోడలు.

"మరి పక్కింటావిడవా? పేరు నీదేగా!"

ఆ తర్వాత జరిగింది శుద్ధ అన్యాయం. సగం గీసిన ప్లానుతో సహా కంప్యూటరు వెళ్ళి అత్తగారి బీరువాలో పడింది. నిండా నలభై ఎనిమిది కిలోలు లేని మనిషి పళ్ళెంలోంచి రెండు రొట్టెల్లో ఒకటిన్నర వెనక్కి పోయింది. ఆపైన ఇల్లంతా సోదా. కోడలు ప్లాన్లు చుట్టిపెట్టుకునే గొట్టాన్ని బోర్లించి దులిపితే, టప్పున సిగరెట్ పెట్టె రాలింది. సరుకు దాచుకోవడానికి మొగుడికి ఇంత ఇంట్లో పెళ్ళాం గొట్టమే దొరికింది! సాక్ష్యం చేతికి రాగానే అత్తగారు వియ్యంకుడికి ఫోను కొట్టింది. ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు.

"అన్నయ్యగారూ, మీ అమ్మాయి పెట్టెలకు పెట్టెలు ఊదేస్తోంది. వచ్చి తీసుకెళ్ళండి!"

పాఠం మధ్యలో ఉన్న మాస్టారు, నేర్చుకుంటున్న పెద్దమనిషిని నడిరోడ్డు మీద దింపేసి బయల్దేరాడు.

సరిగ్గా అప్పుడు స్నానాలగది తలుపు తెరుచుకుంది. గుప్పున వచ్చిన ఆవిరి వెనక తువ్వాలు చుట్టుకుని మొగుడు ప్రత్యక్షమయ్యాడు. తల్లి చేతిలో పెట్టె చూశాడు. పెళ్ళాం మొహం చూశాడు. నిజం ఒప్పుకోవడానికి అంతకన్నా మంచి అదను దొరకదు.

"పోనీలే అమ్మా," అన్నాడు జాలిగా. "తెలియక చేసుంటుంది. నేను మాన్పిస్తాలే."

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీరు మాన్పిస్తారా? నా చేతా? అత్తయ్యా, ఆ పెట్టె ఈయనది. ఆ మందూ ఈయనదే. ఆ ఎనిమిది కిలోలూ ఈయనవే, తువ్వాలు మీదుగా వేలాడుతూనే ఉన్నాయి, చూడండి! నాలుగేళ్ళుగా నా ఒంట్లో సూది దిగని చోటు లేదు. 'మావాడికి కూడా చూపించారా' అని ఒక్కరంటే ఒక్కరు అడిగారా?"

"తప్పంతా నా కొడుకు మీదకి నెడతావా? ఉండు, వాళ్ళనే అడుగుతా!" అత్తగారు కేంద్రానికి ఫోను కలిపి, ఇల్లంతా వినాలని స్పీకరు పెట్టింది. "మా కోడలి చేత సిగరెట్లు ఎలా మాన్పించాలో చెప్పండి!"

అవతల నర్సు కాసేపు కాగితాలు తిరగేసింది. "మీ కోడలికి సిగరెట్లేంటమ్మా? ఆవిడ రిపోర్టులన్నీ బాగున్నాయని రెండేళ్ళ కిందటే చెప్పాం కదా. ఆ కాగితం మీ అబ్బాయిది, ఆయన అలవాట్లు మీ కోడలు చెబితే రాసిచ్చింది. అవన్నీ మానితే ఆశ ఉందంటున్నారు డాక్టరుగారు. ఆయనేమో పరీక్షకి మూడుసార్లు ఎగ్గొట్టాడు. ఇవాళ పదకొండింటికి కూడా రాకపోతే మేమింక పిలవం."

అత్తగారు కొడుకుని తలనుంచి కాళ్ళదాకా చూసింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"నాలుగేళ్ళూ నిన్నే అన్నాను కదే..."

"మీ సంగతి తర్వాత మాట్లాడతాను అత్తయ్యా," అంది కోడలు కళ్ళు తుడుచుకుని. "పదీ నలభై అయింది. ముందు ఈయన్ని కదిలించండి. నా కంప్యూటరు నాకివ్వండి."

"ఇవాళ నాకు ఒంట్లో కాస్త..." అని మొగుడు మొదలుపెట్టేలోగా బయట కారు ఆగింది. "ఏదమ్మా నా కూతురు? సామాను సర్దుకోమనండి!" అంటూ మాస్టారు గుమ్మంలోకి వచ్చాడు.

"మీ అమ్మాయి తప్పు ఆవగింజంత కూడా లేదన్నయ్యగారూ," అంది అత్తగారు తలొంచుకుని. "అంతా వీడే." సంగతంతా చెప్పి, కొడుకు చొక్కా తెచ్చి వియ్యంకుడి చేతిలోనే పెట్టింది.

మాస్టారు గడియారం చూశాడు. అల్లుణ్ణి చూశాడు. "గుండీలు కార్లో పెట్టుకోవచ్చు, పద బాబూ," అని జబ్బ పట్టుకున్నాడు.

కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చినాయన అల్లుణ్ణి తీసుకెళ్ళాడు.