రుచి చూస్తే తిన్నట్టా?

ఆ ఉదయం ఇల్లాలి పథకం చాలా చిన్నది. గుమ్మడికాయ ముక్కలు ఉప్పేసి ఉడికించడం, భర్తకు డబ్బా కట్టివ్వడం, ఆయన బిస్కెట్ల ఫ్యాక్టరీకి వెళ్లాక కిటికీ పక్కన కూర్చుని వేడివేడిగా టీ తాగడం. ఆ టీ కాస్తా చల్లారిపోయింది. చొక్కా గుండీలు పెట్టుకోలేక ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. వేళ్లు మళ్లీ వాచాయి.

డాక్టరు చెప్పింది తేలికే. ఒంటికి పడని తిండి ఏదో కీళ్లలో వాపు తెస్తోంది. అనుమానం ఉన్నవన్నీ ఆపేసి, వాపు తగ్గాక ఒక్కొక్కటే మళ్లీ తిని చూడాలి. ఏది తిన్నప్పుడు వాస్తే అదే దొంగ. రొట్టె, పాలు, గుడ్లు, టమాటాలు ఇంట్లోంచి వెళ్లిపోయాయి. వాపు మాత్రం వస్తూనే ఉంది. ఆయన ఉల్లిపాయను అనుమానించాడు, తర్వాత నూనెను, ఆపైన గరిటెను. చివరికి భార్యను.

"నువ్వు జాలిపడి ఏదో కలుపుతున్నావు," అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండింది. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆ వంటింట్లో ఆమె మాటే చట్టం. ఇప్పుడు గుమ్మడికాయ ఉడికించినా నేరమే. పోనీలే అని సరిపెట్టుకునేలోపు ఆయన అక్కగారు పెట్టెతో సహా దిగింది. దిగీ దిగగానే మసాలా డబ్బాలను అటకెక్కించి, ఇకమీదట తమ్ముడి తిండి తనదేనని, మరదలు పొయ్యి దగ్గరికి రానక్కర్లేదని తేల్చేసింది.

అక్కగారు వండినా వేళ్లు తగ్గలేదు. దానికి ఆవిడ తడుముకోలేదు. గిన్నెలకు పాత వంట పట్టేసిందని కొత్తవి కొనిపించింది. అంతలో ఫ్యాక్టరీలో పెద్ద ఓవెన్ చెడిపోయి, బాగయ్యేదాకా అందరికీ సెలవిచ్చారు. ఆయన ఇంట్లో కూర్చుని బుద్ధిగా గుమ్మడికాయ తిన్నాడు. సెలవులు ముగిసేసరికి వేళ్లు సన్నబడ్డాయి, గుండీలు తనే పెట్టుకున్నాడు, ఎప్పటినుంచో ఇరుక్కుపోయిన ఉంగరం కూడా ఊడి వచ్చింది.

"చూశావా, అంతా చేతిలో ఉంటుంది," అంది అక్కగారు. తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నానని, తన మంచం కూడా తెప్పిస్తున్నానని చల్లగా చెప్పింది. ఆ మంచం దిగిందంటే ఇల్లాలికి వంటిల్లు పోయినట్టే.

ఓవెన్ బాగయ్యాక ఆయన హుషారుగా పనికి వెళ్తూ డబ్బా మరిచిపోయాడు. వండే హక్కు పోయినా మోసే పని ఇల్లాలికే మిగిలింది. గేటు దగ్గరి మనిషి ఆమెను నేరుగా ఆయన గదికే పంపాడు. ఆయనది నాణ్యత చూసే ఉద్యోగమని ఆమెకు తెలుసు గానీ, ఎలా చూస్తాడో ఎప్పుడూ అడగలేదు.

అద్దాల తలుపు వెనక ఆయన ట్రేల ముందు కూర్చుని ఉన్నాడు. ఒక్కో ట్రేలోంచి ఓ బిస్కెట్ తీసి, విరిచి, వాసన చూసి, కళ్లు మూసుకుని నమిలి మింగుతున్నాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"పని."

"తింటున్నారు కదా."

"తినడమేంటి? ఇది ఉద్యోగం," అన్నాడాయన ఎంతో నిజాయితీగా, మరో బిస్కెట్ అందుకుంటూ. "తిండంటే ఇంట్లో తినేది. డాక్టరుకీ అదే చెప్పాను."

"ఇంట్లో రొట్టె ఎందుకు మానేశారు? గోధుమపిండి మీద అనుమానంతోనేగా. మరి ఇవి దేంతో చేస్తారు?"

ఆయన దవడ ఆగిపోయింది. ఆమె ఆ బిస్కెట్ లాక్కుని, కసిగా తనే ఓ ముక్క కొరికింది.

"పైగా సోడా ఎక్కువైంది."

అటుగా వెళ్తున్న మేనేజరు ఆ మాట విని, తనూ ఒకటి నోట్లో వేసుకుని, మొహం చిట్లించి, మిషను ఆపమంటూ పరుగెత్తాడు. పొద్దుటినుంచి వచ్చిన ట్రేలన్నింటిలోనూ సోడా ఎక్కువే. ఆమె భర్త అన్నీ బాగున్నాయన్నాడు. గుమ్మడికాయ తిని తిని విసిగిన ఆ నాలుకకు ఏ బిస్కెట్టయినా అమృతమే మరి.

ఆయన్ని ప్యాకింగుకు మార్చారు. బిస్కెట్లు మానాక వేళ్లు మళ్లీ వాస్తే ఒట్టు. పాలు, గుడ్లు, టమాటాలు ఒకదాని తర్వాత ఒకటి నిర్దోషులుగా ఇంటికి తిరిగొచ్చాయి. అక్కగారి మంచం సగం దారిలోంచే వెనక్కి తిరిగింది. మసాలా డబ్బాలను అటక మీంచి దింపిన రోజు ఇల్లాలు యుద్ధం గెలిచినంతగా సంబరపడింది. కిటికీ పక్కన కూర్చుని టీ వేడిగానే తాగింది.

ఇప్పుడు ఆ అద్దాల గదిలో ఉద్యోగం ఆమెది. సాయంత్రం వంట మాత్రం ఆయనే, అదీ ఒక్కడికే చేసుకుంటున్నాడు. ఆమె కడుపునిండా ఉద్యోగం చేసి వస్తోంది.