రేవులో చెప్పకూడని అర్థం

ఆ ఉదయం రూబెన్ అనుకున్నది ఒక్కటే: పోటు తగ్గకముందే పడవ దింపాలి. వారం రోజులుగా ముఖం చాటేసిన హెర్రింగ్ చేపలు ఒడ్డుకు దగ్గరగా వచ్చాయి. స్కార్‌విక్ రేవంతా హడావిడిగా ఉంది. అద్దె పడవతో ఇల్లు గడుపుకునే రూబెన్ అందరికంటే ముందే వల సర్దుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కొత్త టీచరు మిస్ థ్రెల్‌ఫాల్ ఊడిపడింది. లీడ్స్ పట్నం నుంచి వచ్చింది మొదలు పాత మాటలకు అర్థాలు అడిగి ఊరి ప్రాణాలు తోడేస్తోంది.

"లార్‌బోర్డ్ అంటే?"

"పడవకి ఎడం పక్క."

"రోక్?"

"సముద్రం మీంచొచ్చే పొగమంచు. ఇంక వదిలెయ్యండి టీచరమ్మా, పోటు దిగిపోతోంది!"

"ఒక్కటే! గ్రైస్ అంటే?"

రూబెన్ నోరు తెరిచి, టక్కున మూసుకున్నాడు. గ్రైస్ అంటే పందిపిల్ల. తల్లిది రైతు ఇల్లు కనుక రేవులో ఆ సంగతి తెలిసినవాడు అతనొక్కడే. ఒడ్డున కూర్చుని చెబుతున్నాం కాబట్టి మనం అనేశాం గానీ, స్కార్‌విక్ జాలరి పడవెక్కే రోజు అపశకునమని పంది పేరెత్తడు. ఎవరైనా ఎత్తితే, విన్నవాళ్లెవరూ ఆ రోజు వేటకు పోరు.

"పోనీలే, తెలియదేమో," అంది ఆమె జాలిగా.

రూబెన్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది. మాట అనకూడదు గానీ, చేసి చూపించకూడదని ఎవరన్నారు? పొట్ట ముందుకు తోసి, బుగ్గలు పూరించి, గురగురమంటూ వలల చుట్టూ తిరిగాడు.

"ఒరేయ్, అచ్చం మన హెంప్‌సాలే!" అని ఎవడో అరిచాడు. రేవు గొల్లుమంది. రూబెన్ భార్య హానా మాత్రం నవ్వలేదు. పడవ యజమాని హెంప్‌సాల్ ఆమె వెనకే నిలబడి ఉన్నాడు.

"నా పడవెక్కి నన్నే వెక్కిరిస్తావా? ఇంక ఆ పడవ ముట్టుకున్నావంటే చూడు!"

"అయ్యో, మిమ్మల్ని కాదు బాబూ!"

"మరెవర్ని?"

రూబెన్ సముద్రం వైపు చూశాడు, హెంప్‌సాల్ వైపు చూశాడు. చెబితే ఇవాళ్టి వేట పోతుంది, చెప్పకపోతే పడవే పోతుంది.

"చెప్పి చావయ్యా, పిల్లలున్నారు!" అంది హానా ఏడుపుగొంతుతో.

"పంది! పందిపిల్ల!"

రేవులో ఒక్కొక్కరే వలలు ఒడ్డున పడేసి, రూబెన్‌ని నోరారా తిట్టుకుంటూ ఇంటిదారి పట్టారు. హెంప్‌సాల్‌కున్న ఆరు పడవలూ ఖాళీ అయ్యాయి. ఆయన నెత్తి పట్టుకుని కూలబడ్డాడు.

"నన్నేనని ఒప్పేసుకుంటే పోయేది కదరా! కాసేపు కోప్పడి ఊరుకునేవాణ్ణి. దాని పేరెందుకెత్తావు?"

"మరి నా పడవ..."

"రేపు తీసుకెళ్లి ఏడువు!"

హానా కళ్లు తుడుచుకుంది. మిస్ థ్రెల్‌ఫాల్ ముఖం మాత్రం వెలిగిపోతోంది. "పందిపిల్లా! ఎంత బాగుంది! రేపు తెల్లారే వచ్చి ఇంకో నాలుగు మాటలు అడుగుతాను."

మధ్యాహ్నానికల్లా ఊరంతా కలిసి ఆమెను పెట్టెతో సహా లీడ్స్ గుర్రబ్బండి ఎక్కించింది. బండీ పడవా అన్నీ కలిపి, ఆ రోజు స్కార్‌విక్ నుంచి కదిలింది అదొక్కటే.