మనుషుల పేర్లు లేని శిలాఫలకం

జరుగుతున్నంతకాలం చరిత్రను పట్టించుకునే నాథుడుండడు. యాభై ఏళ్లు నిండాక మాత్రం ఉపసంఘం లేకుండా దాన్ని కదిలించడం ఎవరితరమూ కాదు. అందుకే స్వర్ణోత్సవం దగ్గరపడగానే ఆ క్రైస్తవ క్యాంపు సెంటరులో చరిత్ర ఉపసంఘం వెలిసింది. రిటైరైన హెడ్మాస్టరు గారు అధ్యక్షులు. సెంటరు పుట్టుపూర్వోత్తరాలను నల్లరాతి మీద చెక్కించి, హాలు గోడకు బిగించాలి.

కబురు విన్నప్పట్నుంచి సెంటరు వార్డెనమ్మకు కాలు నిలవలేదు. ఆమె భర్త తాపీమేస్త్రి. మొట్టమొదటి క్యాంపులో గాలివానకు గుడారం ఎగిరిపోతే, పిల్లలు మళ్లీ తడవకూడదని పంతం పట్టి, కూలి ముట్టకుండా ఆ హాలు కట్టాడు. కట్టిన ఏడాదికే పోయాడు మహానుభావుడు. హాల్లో ప్రతి ఫ్యాను రెక్క మీదా దాత పేరుంది (తిరిగేటప్పుడు కనబడకపోవడం దాత తప్పు కాదు). బెంచీలకూ పేర్లున్నాయి, ఆఖరికి కుళాయికీ ఉంది. గోడలకే లేదు.

"అయ్యగారూ, మా ఆయన పేరు ఓ మూలన వేయించండి. చిన్నక్షరాలైనా పర్లేదు," అని అడిగింది.

"నిబంధనల ప్రకారం చూద్దామమ్మా," అన్నారు హెడ్మాస్టరు గారు. పాపం, ఆమె దాన్ని మాటివ్వడమే అనుకుంది.

స్థలమిచ్చింది మా తాత అన్నారు కోశాధికారి. ఆ స్థలం కోసం ముందు ప్రార్థించింది మా మేనత్త అంది పాటల టీచరు. ప్రార్థనకన్నా ముందు దర్శనం ఉంటుందని, దర్శనం కలిగినవారికే అగ్రస్థానమని ఉపసంఘం తేల్చింది. వారం తిరక్కుండా సభ్యులందరి తాతలకూ దర్శనాలు కలిగాయి (వాళ్లలో ఇద్దరు సెంటరు పుట్టకముందే కాలం చేశారు, నిబంధనల్లో దానికి అభ్యంతరం కనబడలేదు). మాటా మాటా పెరిగింది. టీ తెచ్చిన వార్డెనమ్మ ట్రేతో గుమ్మంలోనే ఆగిపోయింది.

చివరికి పాస్టరు గారు విసిగిపోయి, ఏ మనిషి పేరూ వద్దు, మహిమంతా దేవునికే అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. వార్డెనమ్మకూ మనసు తేలికపడింది. ఎవరి పేరూ లేకపోతే తన మనిషికి చిన్నతనమేముంది? ఆయనున్నా ఇదే అనేవాడనుకుని కళ్లు తుడుచుకుంది.

ఉత్సవం రోజు తెర తీశారు. "ఈ స్థలమును దేవుడే కట్టెను. ఇచ్చట ఏ మనుష్యుని పేరును ఉండరాదని తీర్మానించినవారు" అని ఉంది. దాని కింద సభ్యులందరి పేర్లు, డిగ్రీలతో సహా.

వార్డెనమ్మ వేలుపెట్టి చివరిదాకా చదువుకుంది. "మరి మా ఆయన పేరేదండీ?"

"ఆయన కమిటీలో లేరు కదమ్మా," అన్నారు హెడ్మాస్టరు గారు, ఎంతో మృదువుగా.

రాయి బిగించడానికి గోడ తొలుస్తుంటే ఉలులు విరిగిన సంగతి ఉపసంఘం తుది నివేదికలో నమోదైంది: ఆ గోడ కట్టినవాడెవడో గానీ, అవసరానికి మించి గట్టిగా కట్టి సభ్యులకు నానా ఇబ్బందీ కలిగించాడు.