రేడియో గారికి సన్మానం

“ప్రజల సొమ్ముతో నడిచే రేడియోను బతికించుకోవడం మన పవిత్ర కర్తవ్యం!” అని అశోక్‌నగర్ ప్రజా ప్రసార పరిరక్షణ సమితి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఉత్త తీర్మానంతో రేడియో బతకదు కదా! అందుకని చిక్కడపల్లిలో హాలు మాట్లాడి, ఒక రేడియోకు శాలువా కప్పి సన్మానం చేద్దామనుకున్నారు. దండ వచ్చింది, శాలువా వచ్చింది. రేడియోయే లేదు! అధ్యక్షుడు రామచంద్రరావు గారింట్లో గోడంత టీవీ ఉంది. కార్యదర్శి బాలత్రిపురసుందరి గారింట్లో పిలిస్తే పలికే పెట్టె ఉంది. రేడియో మాత్రం వాళ్లుండే అపార్ట్‌మెంటు మొత్తానికీ సెల్లారు గదిలో కిరాయికుండే అనిత దగ్గరే దొరికింది.

సుందరి గారు వచ్చి రేడియో అడిగేసరికి అనిత గుండెల్లో రాయి పడింది. రెండేళ్లు నిండినా కూతురు మనీష నోట ఒక్క మాట రాలేదు. ఆ సంగతి ఫోన్ చేసి రేడియోలో పిల్లల డాక్టరును అడిగింది. జవాబు ఈ ఆదివారం పొద్దున, సరిగ్గా సభ వేళకే!

“మేడం, ఈ ఒక్క పూట ఇయ్యలేను. డాక్టరు మా పిల్ల గురించి చెప్తడు.”

“ఫోన్లో వినవచ్చు కదమ్మా, యాప్ ఉందిట! ఏ యాపో మాకూ తెలీదనుకో.”

“ఫోను మా ఆయన పనికి పట్టుకపోయిండు మేడం.”

“అలా అంటే ఎలా? రేడియో కోసమే కదా మా తాపత్రయమంతా!” అంటూ సుందరి గారు రేడియోను ఎత్తుకుపోయారు.

పిల్లను చంకనేసుకుని అనిత వెనకే పరుగెత్తింది. వేదిక మీద రేడియో పెళ్లికొడుకులా కూర్చుంది. మెడ లేకపోయినా దండ పడింది. నోరు కనబడకుండా శాలువా కప్పారు. రామచంద్రరావు గారు మైకు అందుకున్నారు. రేడియో తనకు తల్లి అన్నారు, గురువు అన్నారు, కళ్లు తుడుచుకున్నారు, మళ్లీ మొదటికొచ్చారు.

అనిత ఇక ఆగలేకపోయింది. గబగబా వేదికెక్కి, శాలువా లాగేసి, మీట తిప్పింది.

“...అశోక్‌నగర్ నుంచి అనిత గారు అడిగారు. అమ్మా, ముందు పాపకు వినికిడి పరీక్ష చేయించండి. పాపతో మాట్లాడండి. మాట్లాడి, కాసేపు ఆగండి. పాపకూ వంతు ఇవ్వండి...”

హాలంతా చెవులు రిక్కించింది. వెనక వరసల తల్లులు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. రామచంద్రరావు గారి మొహం జేవురించింది.

“ఆపండి! ఆపమంటున్నానా! రేడియో గొప్పతనం గురించి నేను మాట్లాడుతుంటే మధ్యలో ఆ రేడియో గోలేమిటి?”

 అప్పుడు అనిత చంకలోంచి మనీష, అధ్యక్షుల వారికేసి వేలు చూపించి, “ఆపూ!” అంది.

అనితకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. మైకును రామచంద్రరావు గారి నోటి దగ్గరకు జరిపింది.

“సార్, మీ కాళ్లు మొక్కుత! జర ఇంకొకసారి గట్లనే ‘ఆపండి’ అని ఒర్రుండ్రి. మా పిల్లకు మాటలొస్తున్నయ్!”