ఒకటిన్నర కాపురం

గవర్రాజు, నూకరత్నం అనే భార్యాభర్తలను కిందటి శ్రావణమాసంలో సర్దుబాటు ఆఫీసువారు ఒకటిన్నర మనుషులుగా మార్చారు. ఒకటి గవర్రాజు, సగం నూకరత్నం. పెంకుల వీధిలో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. ఎదురింటి చక్రవేణి మాత్రం ఒకసారి వచ్చి, సగమయ్యాక ముఖాన బొట్టు నిలుస్తోందా అని అడిగింది. నిలుస్తోందని కళ్లారా చూసుకుని, పోనీలే, అదొక్కటీ ఉంది కదా అనేసి, నాలుగు రెబ్బలు కరివేపాకు కోసుకుని వెళ్లిపోయింది.

గవర్రాజుది శుభలేఖల దుకాణంలో మేటరు రాసే పని. పెళ్లివారు వచ్చి పేర్లు చెబితే, ఏ పేరుకు ముందు ఏం తగిలించాలో, ఏ మేనత్తని ఎక్కడ పెడితే ఏ బాబాయికి కోపం రాదో చూసి అచ్చుకి ఇచ్చేవాడు. ముప్పై ఏళ్లు అలా ఎన్ని కాపురాలకి మొదటి అక్షరం రాశాడో ఆయనకే తెలీదు. ఇప్పుడు పెళ్లివారు ఫోనులో బొమ్మలు కదిలించి, పాట పెట్టి, కూర్చున్నచోటు నుంచే ఊరందరికీ పంపేస్తున్నారు. షావుకారు మంచివాడు గనక ఒక్కసారిగా మానిపించలేదు. వారానికి ఆరు రోజుల పనిని నాలుగు చేశాడు, నాలుగుని మూడు చేశాడు. మూడు కాస్తా రెండయిన రోజున కాజా పెట్టి మరీ చెప్పాడు.

పొదుపు మాటకొస్తే ఆ ఇంట్లో వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. బీరకాయ కూరైతే దాని చెక్కు పచ్చడయ్యేది, కొత్తిమీర కాడలు చారులోకి పోయేవి. టూత్‌పేస్టు గొట్టాన్ని కత్తెరతో నిలువునా చీరి నాలుగు రోజులు గీక్కునేవారు. అరిగిపోయిన సబ్బు ముక్కని కొత్త సబ్బు వీపుకి అతికించేవారు. పేపరు మంగలి షాపులో చదివేవాడు గవర్రాజు, క్షవరం మాత్రం నూకరత్నం చేత ఇంట్లోనే చేయించుకునేవాడు. సాయంత్రం వీధి దీపం వెలిగాక అరుగు మీదికి చేరి, ఆ వెలుగులోనే ఆమె బియ్యం ఏరేది, ఈయన గోళ్లు తీసుకునేవాడు. పిల్లలు కలగలేదు. అలా ఒక్కొక్కటే తగ్గించుకుంటూ పోగా పోగా, ఇంక ఇంట్లో తగ్గించడానికి మనుషులు తప్ప ఏమీ మిగల్లేదు.

అందుకే సర్దుబాటు ఆఫీసుకి వెళ్లారు. అక్కడి అధికారి లోవరాజు గారు చాలా మర్యాదస్తుడు. ఇద్దరికీ కుర్చీలు వేయించి, ఆదాయం ఇంతగా పడిపోయిన ఇంట్లో ఇద్దరు నిండు మనుషులుండటం నేరం కాదుగానీ దుబారా కిందికొస్తుందని విడమరిచి చెప్పాడు. సగమంటే అడ్డంగానా నిలువుగానా అని గవర్రాజు సందేహం వెలిబుచ్చాడు. అలాక్కాదండి, మజ్జిగలో నీళ్లు పోస్తే పల్చబడుతుంది చూడండి, మనిషంతా ఉంటారు, చిక్కదనం ఉండదు, అంతే అన్నాడు లోవరాజు గారు. తిండి సగం, బస్సులో అర టిక్కెట్టు, నెప్పులొస్తే అరమాత్ర. నొప్పి ఏమీ ఉండదట.

దరఖాస్తులో ఏడో గడిలో 'ఇంట్లో సర్దుకునే వ్యక్తి పేరు' అని ఉంది. గవర్రాజు పేర్లు రాసి రాసి చెయ్యి తిరిగినవాడు. ఆ ముక్క పూర్తిగా చదివేలోపే చెయ్యి నూకరత్నం అని రాసేసింది. రాశాక ఆయనకే కాస్త ఇబ్బందిగా అనిపించి ఆమె వంక చూశాడు. ఆమె మటుకు మరింకెవరి పేరు రాస్తారంటూ, ఇంటిపేరులో దీర్ఘం మర్చిపోయారని చూపించి, సంతకం పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నకి ఆమె సగమైంది. పొయ్యి దగ్గర నిలబడితే ఆమెలోంచి వెనకాల గోడ మీది క్యాలెండరు కనిపించేది, పెద్ద అంకెలైతే చదువుకోవచ్చు. కిరాణా కొట్లో కాటా ఎక్కితే సరిగ్గా సగం తూగింది. గొంతు కూడా పల్చబడి, ఒక మాట రెండుసార్లు అంటేగానీ గవర్రాజుకి వినిపించేది కాదు. ఆ మాటకొస్తే నిండుగా ఉన్నప్పుడు మూడుసార్లు అనాల్సొచ్చేది. చెప్పొద్దూ, మొదటి రెండు నెలలూ హాయిగానే గడిచాయి. ఒకటిన్నర టిక్కెట్టుతో అన్నవరం కూడా వెళ్లొచ్చారు.

గవర్రాజు చెడ్డవాడు కాదు. తను నిండుగా పీట మీద కూర్చుని తింటుంటే ఎదురుగా భార్య పల్చగా నిలబడి వడ్డించడం ఆయనకి లోపల గుచ్చుకునేది. వంతులు వేసుకుందాం అన్నాడు. నిబంధనలు ఒప్పుకున్నాయి, కార్తీకంలో ఆయన సగమయ్యాడు. సగం మనిషే పనిలోకొచ్చాడని షావుకారు సగం కూలీయే ఇచ్చాడు, అందులో ఆయన తప్పూ లేదు. ఉన్న రెండు రోజుల సంపాదన ఒక్క రోజుకి పడిపోయింది. లోవరాజు గారు కాగితాలు ముందేసుకుని, చూడండి గవర్రాజుగారూ, మిమ్మల్ని పల్చబరిస్తే కుటుంబానికి నష్టం, అమ్మగారి పనికి జీతమే లేదు గనక అక్కడ తెగ్గోయడానికి ఏమీ ఉండదు అని లెక్క తేల్చాడు. నెల తిరక్కుండానే నూకరత్నం మళ్లీ సగమైంది. నిండుగా ఉన్న ఆ కొన్నాళ్లూ ఆమె ప్రత్యేకంగా ఏం చేసిందంటే, అటక దులిపింది.

మూడు నెలలకోసారి తనిఖీ ఉంటుంది. పుష్యమాసంలో లోవరాజు గారు జాబితా పట్టుకుని ఇంటికొచ్చాడు. వంట, అంట్లు, బట్టలు, ఇల్లు ఊడవడం, నీళ్లు పట్టడం, ఇంటాయనకి మందులు వేళకివ్వడం, చుట్టాల్ని కనిపెట్టుకుని ఉండటం. అన్నిటి పక్కనా టిక్కు పెట్టుకుంటూ పోయాడు. చివరికి చాలా సంతోషించి, సగం మనిషితోనే మొత్తం పని జరుగుతోంది గనక ఆ సగంలో సగం ఎక్కువే ఉన్నట్టని రాసి, ఆమెని పావు చేశాడు. వచ్చే తనిఖీకి పావుతో కూడా అన్నీ జరుగుతుంటే ఆ పావు కూడా అనవసరమని తేలుతుందని, అప్పుడు శూన్యమని రాసుకోవాల్సొస్తుందని వెళ్తూ వెళ్తూ చెప్పాడు. లోవరాజు గారు చెయ్యి తడిపితే వినే రకం కాదు, ఆయనతో వచ్చిన చిక్కే అది.

గవర్రాజుకి అప్పుడు భయం పట్టుకుంది. పావు నూకరత్నం అంటే మరీ అన్యాయంగా ఉండేది. పొగలో నిలబడితే పొగేదో మనిషేదో తెలిసేది కాదు. గాజుల చప్పుడు బట్టి ఆమె ఏ గదిలో ఉందో పోల్చుకునేవాడు. కాస్త నెమ్మదిగా చెయ్యి, ఒక పూట వంట మానెయ్యి అని బతిమాలాడు. ఆమె సరేననేది, అనేసి పప్పు నానబోసేది. ఆ పావు కూడా పోతే తనేం కావాలి? ఈ ప్రశ్న వేసుకుని పగలంతా దుకాణంలో తప్పులు రాశాడు, ఒక పెళ్లికూతురికి ఇద్దరు మేనమామలు తక్కువయ్యారు.

తనిఖీ చైత్రంలో, గురువారం పదకొండింటికి అని ఉత్తరం వచ్చింది. మొగుడూ పెళ్లాం కూర్చుని పథకం వేసుకున్నారు. ఆ రోజు ఇల్లు ఊడవకూడదు. ఎంగిలి గిన్నెలు ఎక్కడివక్కడే ఉండాలి. పొయ్యి వెలగకూడదు. గవర్రాజు నలిగిన చొక్కాతో, తిండి లేని ముఖంతో గుమ్మంలో కూర్చుంటాడు. పావు మనిషితో ఇల్లు నడవట్లేదని లోవరాజు గారు కళ్లతో చూసి, కనీసం సగమైనా తిరిగి ఇచ్చి పోతాడు. నూకరత్నం అన్నిటికీ తలూపింది. గురువారం ఎనిమిదింటికి గిన్నెలు తొట్టిలో పడి ఉండటం, బట్టలు కుప్పగా ఉండటం చూసుకుని, గవర్రాజు ధీమాగా మంగలి షాపుకి పేపరు చదవడానికి వెళ్లాడు.

పదిన్నరకి తిరిగొచ్చేసరికి వాకిట్లో కళ్లాపి చల్లి, చుక్కల ముగ్గు పెట్టి ఉంది. గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. మంచం మీద కొత్త దుప్పటి. మొన్న పేరంటంలో ఇచ్చిన ఏడు జీడిపప్పులూ వేసి ఉప్మా చేసి మూత పెట్టి ఉంది. గవర్రాజు గబగబా గదులన్నీ తిరిగాడు. ఎక్కడున్నావే, ఏం పని చేశావే అని కేకేస్తే, తలుపు మూల నుంచి సన్నగా వినిపించింది.

"ఒకళ్లు గుమ్మంలోకొస్తుంటే ఇల్లు అలా ఎలా వదిలేస్తానండి? మిమ్మల్ని ఏవనుకుంటారు?"

ఆయన మడతపెట్టిన బట్టలు తీసి నేల మీద పారేశాడు. అవి ఒక్కొక్కటే లేచి మళ్లీ మడత పడుతున్నాయి. ఒక తువ్వాలు కోసం ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లాక్కుంటుండగా లోవరాజు గారు చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. గవర్రాజు తువ్వాలు భుజాన వేసుకుని, ఈ పనంతా ఈవేళ తనే చేసుకున్నానని, ఆవిడ వల్ల ఏమీ కావట్లేదని చెప్పాడు. లోవరాజు గారు ఉప్మా రుచి చూసి, చాలా బావుందండి, పోపుల డబ్బా ఒకసారి చూపిస్తారా అని అడిగాడు. గవర్రాజు మూడు అలమరల తలుపులు తీశాడు. ఒకదాంట్లో పాత శుభలేఖలున్నాయి, ఒకదాంట్లో దుప్పట్లున్నాయి, మూడోది దేవుడి గూడు. ఈలోగా పోపుల డబ్బా దానంతటదే వచ్చి బల్ల మీద కూర్చుంది, మొగుడి పరువు పోకూడదని.

లోవరాజు గారు శూన్యం అని రాసుకున్నాడు. ఒకటో తారీకు నుంచి అమల్లోకి వస్తుందన్నాడు.

ముప్పయ్యో తారీకు సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. వీధి దీపం వెలుతురు ఆమెలోంచి నేరుగా అరుగు మీద పడుతోంది. బియ్యం అడుగున పురుగు పట్టిందని, ఎండ కాసినప్పుడు పోయాలని, రాత్రి మాత్ర ఎర్రదని, పొద్దుటిది తెల్లదని ఆమె చెబుతూ ఉంది. గవర్రాజు ముప్పై ఏళ్ల కాపురంలో అననిది ఒకటి అన్నాడు.

"నువ్వు లేకపోతే నాకు తోచదే రత్నం."

ఆమె నవ్వినట్టే వినిపించింది. తోస్తుంది లెండి, రెండ్రోజులు అలాగే ఉంటుంది అంది. ఆయన ఆమె చేతి కోసం తడుముకున్నాడుగానీ అరుగు గచ్చు తగిలింది.

ఒకటో తారీకున గవర్రాజు లేచేసరికి నీళ్లు కాగి ఉన్నాయి. తెల్ల మాత్ర గ్లాసు పక్కన ఉంది. చొక్కా ఇస్త్రీ చేసి దండెం మీద ఉంది. అన్నం వేళకి అన్నం, చారు వేళకి చారు. ఇల్లు ఎప్పటిలాగే ఉంది, ఇద్దరి ఖర్చు ఒక్కరికి దిగింది, రెండు రోజుల కూలీలో ఇంకా నాలుగు డబ్బులు మిగులుతున్నాయి. ఆయన వారం రోజులు ఓర్చుకున్నాడు. తర్వాత వంటగదిలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చి, ముఖం కడుక్కుని, సర్దుబాటు ఆఫీసుకి వెళ్లి, మనిషిని తిరిగి ఇచ్చేయమన్నాడు.

దానికీ దరఖాస్తు ఉంది. మొదటి గడి, 'సదరు వ్యక్తి లేనందువల్ల ఇంట్లో ఆగిపోయిన పనులు'. గవర్రాజు ఎంత ఆలోచించినా ఒక్కటీ తట్టలేదు, ఒక్కటీ ఆగలేదు మరి. ఫరవాలేదండి, అది ఖాళీ వదిలేసినా రెండోది నింపితే చాలన్నాడు లోవరాజు గారు. రెండోది గుర్తింపు కోసం. శూన్యంలో చాలామంది ఉంటారు గనక ఎవరిని వెనక్కి పిలవాలో తెలియాలి. 'సదరు వ్యక్తికి ఇష్టమైన కూర' అని ఉంది.

గుత్తి వంకాయ అని రాయబోయి ఆగాడు గవర్రాజు. అది తనకిష్టం. చేపైతే ఆమె తల, తోక వేసుకునేది, మరి అది ఇష్టమో, మిగిలేది అదేనో. బెండకాయ? అది రత్నం వాళ్లమ్మకిష్టం. కాగితం తీసుకుని ఇంటికొచ్చి, ఎదురింటి చక్రవేణిని అడిగాడు. చక్రవేణి ఏమోనండి, ఎప్పుడూ అనలేదు అంది. అని, తనకి ఇష్టమైన కూర ఏమిటా అని కాసేపు గుమ్మంలోనే నిలబడిపోయింది. చివరికి ఆయన వంటగది గుమ్మం పట్టుకుని, రత్నం, నీకే కూర ఇష్టమే అని గట్టిగా అడిగాడు. లోపల గరిట చప్పుడు ఆగింది. చాలాసేపు ఆగింది. ఆలోచిస్తోందని ఆయనకి అర్థమైంది. తర్వాత గరిట మళ్లీ కదలడం మొదలుపెట్టింది.

మర్నాడు ఆ గడిలో 'మిగిలింది' అని రాసి పట్టుకెళ్లాడు. లోవరాజు గారు చదివి, కళ్లద్దాలు తీసి, జాలిగా చూశాడు.

"అందరూ ఇదే రాస్తారండి. దీన్ని బట్టి ఎవర్నని పిలవమంటారు?"

గవర్రాజు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బస్సు ఖర్చు ఎందుకని ఎండలో నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. పీట వాల్చి ఉంది, విస్తరి వేసి ఉంది, అన్నం పొగలు కక్కుతోంది. కాళ్లు కడుక్కుని కూర్చుని, చారు కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"ఉప్పు తగ్గిందే" అన్నాడు.

ఉప్పు జాడీ వచ్చింది. వేసుకుని కలుపుకుని, ఇప్పుడు సరిపోయింది అన్నాడు.