కుడి బొటనవేలి దిగ్విజయం

ఒక దిక్కున కొత్తనీటితో ఎర్రబారిన గోదావరీ మహాప్రవాహం, మరొక దిక్కున అహోరాత్రాలు బొగ్గును కక్కే గనుల గంభీరఘోష, నడుమ టేకు, నల్లమద్ది, ఇప్ప వృక్షాలతో నిబిడమైన మహారణ్యం. ఆ అరణ్యపు అంచున, కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే బస్సు ఎవరు చెయ్యెత్తినా ఆగని మలుపు పక్కన, శ్రావణమేఘాలు ఉరుముచుండగా, తీజ్ పండుగకు బుట్టల్లో చల్లిన గోధుమలు అప్పుడప్పుడే మొలకెత్తుచున్న శుభవేళ, ఒకానొక తండాలో, ఒకానొక ఇంటి వరండాలో, ప్లాస్టిక్ కుర్చీ అనే సింహాసనం మీద ఆసీనుడైన ఒక మహావీరుడు తన కుడిపాదాన్ని తానే కనురెప్ప వాల్చక చూచుచుండెను. ఆ చూపుకు బండరాయి అయినా కరిగేది. పాదం కరగలేదు.

అతడు కోటేష్ నాయక్. దుమ్ముగూడెం దిక్కున ఒక ఆశ్రమ పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడు, పిల్లల నోట పీఈటీ సారు. కబడ్డీకదనరంగ కంఠీరవుడు, ఖోఖోకోవిదుడు, ప్రభాతధావన ధురంధరుడు. అతడు ఈల పూరించెనా, అల్లరికి పెట్టింది పేరైన ఆరో తరగతి సైతం అటెన్షన్‌లో బిగుసుకొనును. అట్టివాని ఆజ్ఞను ధిక్కరించి బతికి బట్టకట్టినది ఈ భూమండలంలో ఒక్కటే. అది అతడి సొంత కుడి బొటనవేలు.

ఇంతటి దుర్దశ ఎట్లు దాపురించెనో వినండి. ఉద్యోగం వచ్చిన నాటి నుండి కోటేష్ పాదాలు ఇరుకైన ముక్కులు, మెత్తని అడుగులు గల ఖరీదైన బూట్లలో రాజభోగాలు అనుభవించినవి. ఇట్లుండగా ఈ వేసవిలో ఎవరో ఉత్తకాళ్లతో పరుగెత్తితే ఆరోగ్యమని ఫోను వీడియోలో చెప్పగా అతడు చూచెను. మెల్లమెల్లగా అలవాటు చేసుకోవాలని కూడా ఆ పెద్దమనిషి చెప్పెను గాని, అప్పటికే మన వీరుడి ఛాతీ ఉబ్బిపోయి చెవులు పనిచేయడం మానినవి. తండాలో పుట్టిన పాదానికి అలవాటేంది అని అతడు నవ్వుకొనెను. మరునాడు తెల్లవారగానే బూట్లను సజ్జ మీదికి విసిరి, తారురోడ్డున వంతెన దాకా పోయి, అంతే వేగంతో తిరిగి వచ్చెను. పుట్టింది తండాలోనే, కాని పదేళ్లుగా ఆ పాదం కాపురమున్నది సాక్సులోనన్న సంగతి అతడికి స్ఫురించలేదు.

ఫలితంగా మడమలో శూలం దిగబడెను. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మేకు గుచ్చుకున్నట్టు ఉండేది. బడిలో మార్చ్‌పాస్ట్ చేయించుచు సారు ముందు కుంటుచు నడువగా, వెనుక వరుసలన్నీ అదే కొత్త డ్రిల్లు కాబోలనుకొని కుంటుకుంటూ మైదానం చుట్టివచ్చినవి. అది చూచిన హెడ్మాస్టరు సెలవు తానే రాసి ఇచ్చెను.

అంతట అతడు కొత్తగూడెంలో ఫిజియోథెరపీ విద్యలో ఆరితేరిన ఫజిలత్ మేడంను ఆశ్రయించెను. ఆమె పాదాన్ని అటు తిప్పి, ఇటు నొక్కి, నిలబడమని, నడవమని చూచి నిదానంగా తీర్పు చెప్పెను.

"మీ మడమది తప్పు లేదు, కోటేష్ గారు. పాదంల చిన్నచిన్న కండరాలు బూట్లల్ల పండి నిద్రపోయినయ్. వాటిని లేపకుండనే మీరు పరుగువెట్టిన్రు. ముందు గీ బొటనవేలు ఒక్కదాన్ని లేపుండ్రి, తక్కిన నాలుగు నేలకే ఉండాలె."

ఇంతేనా అని కోటేష్ లేపబోయెను. ఐదు వేళ్లూ కలిసికట్టుగా లేచినవి. మేడం నవ్వు ఆపుకొని, రోజూ సాధన చేయుమనియు, పొద్దున కాసేపు తడిమట్టి మీద ఉత్తకాళ్లతో మెల్లగా నడిచి ఆ నడకను కొద్దికొద్దిగా పెంచుమనియు చెప్పెను. తీజ్ ఆఖరునాడు వాగు దాకా ఉత్తకాళ్లతో నడవవచ్చునా అని అతడు అడుగగా, ఆ వేలు ఒంటరిగా లేచిన వీడియో పంపినప్పుడే అనుమతి, అందాక చెప్పులేనని ఆమె కచ్చితంగా పలికెను.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. తీజ్ పెళ్లికాని ఆడపిల్లల పండుగ. కోటేష్ చెల్లెలు లాలికి దీపావళి తర్వాత పెళ్లి; అంటే ఆమెకు ఇదే చివరి తీజ్. తొమ్మిదో నాడు పిల్లలు మొలకల బుట్టలు నెత్తిన పెట్టుకొని వాగుకు పోతారు. తండా వాడుక ప్రకారం అన్నదమ్ములు ఉత్తకాళ్లతో వెంట నడిచి, నీటి ఒడ్డున వాళ్ల కాళ్లు కడుగుతారు. కోటేష్ ఒక్క ఏడూ తప్పలేదు. ఇప్పుడు చెప్పులేసుకొని ఆటోలో వెనకాల వచ్చినా ఎవరూ ఏమీ అనరు, లాలి అసలే అనదు. అతడికే ఆ ఊహ ముద్ద మింగనివ్వలేదు.

కావున సమరం ఆరంభమాయెను. వరండా కురుక్షేత్రమాయెను. వీరుడు గొంతు సవరించుకొని వేలినుద్దేశించి ఇట్లు పలికెను:

"ఓ అంగుష్ఠమా, పంచాంగుళీకులజ్యేష్ఠమా, దేహభారవహనశ్రేష్ఠమా! నిన్ను నూలు సాక్సుల పొత్తిళ్లలో పెంచితిని. కంకరరాయి ముఖమెరుగని భోగమిచ్చితిని. నా ఉప్పు తిన్న విశ్వాసము నీకున్నచో, నీ తమ్ములను నేలమీదనే నిలిపి, నీవొక్కదానవే లెమ్ము!"

తమ్ములు నలుగురూ లేచిరి. జ్యేష్ఠము కూర్చుండెను. రెండవసారి హుంకరింపగా ఎవరూ పిలువని ఎడమకాలి బొటనవేలు లేచెను. మూడవసారి పళ్లు బిగించి సర్వశక్తులు ఒడ్డగా కనుబొమలు లేచినవి, భుజాలు లేచినవి, కుడిచెవి సైతం కొంత కదిలెను. తుదకు అతడు బ్రహ్మాస్త్రంగా మెడలోని ఈల తీసి ఊదెను. పక్కింటి కుక్క లేచి నిలబడెను. మొలకలకు నీళ్లు చల్లుచున్న లాలి చెంబు కింద పెట్టి కడుపు పట్టుకొని నవ్వెను.

రోజులు దొర్లినవి. బుట్టల్లో మొలకలు బెత్తెడు పెరిగినవి. తడిమట్టి నడకతో మడమ శూలం చాలావరకు దిగిపోయి, పొద్దుటి మొదటి అడుగు మనిషి అడుగులా పడసాగెను. వేలు మాత్రం పట్టు విడువలేదు. ఎనిమిదవనాటి సాయంకాలం నిరాశాపిశాచం ఆవహింపగా, ఆ ధర్మవీరుడు మాయాయుద్ధానికి ఒడిగట్టెను. లాలి తన పండుగ రవికెకు అద్దాలు కుట్టుకునే దారం తెచ్చి, వేలికి ముడివేసి, కుర్చీ చేతి మీదుగా లాగి, గ్లాసుకు ఆనించిన ఫోనులో వీడియో తీయసాగెను. పంద్రాగస్టు జెండా లేచినట్టు వేలు లేచెను. దారం వెతుక్కుంటూ వచ్చిన లాలి గుమ్మంలో నిలబడి అంతా చూచెను.

"మేడంకు దారం కనవడదేమో, భియా," అని ఆమె తండాలో అన్నను పిలిచే తీరున మెల్లగా అనెను. "రేపు వాగు దారిల రాయి తాకితే దానికి గూడ వీడియో చూపెడ్తవా? నువ్వు కుంటుకుంట వచ్చి నా కాళ్లు కడుగుతే నాకు మంచిగుంటదా?"

వీరుడికి సిగ్గుతో తల నేలకు వాలెను. దారం తెంపి, చుట్టి, ఆమె చేతిలో పెట్టెను. ఆ దారంతోనే ఆమె చివరి అద్దం కుట్టుకొనెను.

తొమ్మిదవనాటి ఉదయం. తండా నడుమ డప్పులు మోగుచుండెను. అద్దాల పేటియా లంగా ఘల్లుమనగా లాలి వచ్చి అన్న ఎదుట పీట వేసుకొని కూర్చుండెను. తొమ్మిది రోజులుగా బుట్టల చుట్టూ ఉత్తకాళ్లతో ఆడిన పాదాలవి. ఆమె తన బొటనవేలిని ఒక్కదాన్నే, కన్నుకొట్టినంత తేలికగా, ఎత్తి దించి చూపెను. కోటేష్ దవడ బిగించి, పిడికిళ్లు బిగించి, మళ్లీ యుద్ధభంగిమ దాల్చెను.

"నువ్వు దాన్ని బెదిరిస్తున్నవ్," అని లాలి తన పాదాన్ని అతడి నాలుగు వేళ్ల మీద మోపెను. "అదేమన్న ఆరో తరగతి పిల్లగాడా? జర ఊపిరి విడువు. నీ మొఖం చూస్తే కక్కసుకు ఆగలేనోని లెక్కున్నది."

కోటేష్‌కు నవ్వాగలేదు. నవ్వుతో దవడ సడలెను, భుజాలు జారెను, పిడికిళ్లు విచ్చుకొనెను. ఆ నవ్వు నడుమ, ఆజ్ఞ లేక, అదలింపు లేక, ఈల లేక, చిరకాల బూట్‌గుహాంతర నిద్రాముద్రితమైన ఆ కుడి అంగుష్ఠం వణికి, తడబడి, లేచెను. లాలి తన పాదం తీసివేసెను. అది మళ్లీ లేచెను. చూరు నుండి నాలుగు వానచినుకులు దాని మీద రాలినవి. అన్నాచెల్లెళ్లు వంగి దాన్నే చూచిరి.

వీడియో పోయిన కాసేపటికి మేడం నుండి జవాబు వచ్చెను: మట్టిదారిన మెల్లగా నడవవచ్చు, కంకర మీద వద్దు, రేపటి నుండి ఎడమకాలు మొదలుపెట్టాలి.

వానకు నానిన దారిలో, మొలకల బుట్టల వెనుక, పాటల వెనుక, కోటేష్ ఉత్తకాళ్లతో నడిచెను. వేళ్ల సందున బురద చల్లగా పొంగుచుండగా అతడు ఒక్కచోటా కుంటలేదు. వాగు ఒడ్డున వంగి చెల్లెలి కాళ్లు కడుగుచుండగా, వచ్చే ఏడు ఈ పాదాలు ఇక్కడ ఉండవన్న తలంపు వచ్చి అతడి కళ్లు నిండినవి. లాలి అది గమనించెను. నీటి అంచు ఇసుక మీద తన బొటనవేలిని ఎత్తి, దానితోనే అతడి ముఖాన ఇన్ని నీళ్లు చిమ్మెను. అతడు కళ్లు తుడుచుకొని, తన పాదాన్ని ఆమె పాదం పక్కన పెట్టి, తనదీ ఎత్తెను.

ఇట్లు ఖమ్మం-భద్రాద్రి వనసీమలో, శ్రావణమాసాన, వాగు సైకతవేదిక మీద, కోటేష్ నాయక్ కుడి బొటనవేలు భూమ్యాకర్షణశక్తిని ఓడించి గోధుమగింజ మందమున విజయధ్వజమై నిలిచెనని సకల దిక్కులకు తెలియునుగాక. తక్కిన నాలుగు వేళ్లూ నేలమీదనే ఉండెను. అందుకు లాలి సాక్షి.