మోత బదిలీ

పాత అంబాసిడర్ కారు ఎడమ వెనక చక్రం బేరింగ్ పోయినప్పుడు, ఆ మోత నిబంధనల ప్రకారం కారులోంచి కాక, దాని యజమాని వేదాద్రి గారి ఎడమ తుంటిలోంచి వచ్చింది.

ఇందుకు ఎవరూ ఆశ్చర్యపోలేదు. నలభై ఏళ్లు దాటిన వాహనాల రొద భరించలేక రవాణా శాఖ ఒక ఉత్తర్వు తెచ్చింది. ఆ వయసు దాటిన వాహనం మోత చేయకూడదు; చేయవలసి వస్తే యజమాని చేయాలి. ఉత్తర్వు వచ్చిన నెలలోనే ఊళ్లో పాత బళ్లన్నీ నోరు మూసుకున్నాయి. పాత జీపున్న కాంట్రాక్టరు మెట్లెక్కుతుంటే గేరు పడని చప్పుడు వచ్చేది. పాత లారీ ఉన్న రైసుమిల్లు యజమాని పెళ్లిభోజనానికి కూర్చోబోతే గాలి బ్రేకు వదిలినట్టు బుస్సుమనేది. పక్క విస్తరి వాళ్లు కాస్త జరిగి, పప్పు కలుపుకునేవారు. ఆ ఏడాది శాఖకు మంచి పేరు వచ్చింది.

వేదాద్రి గారు టెలిఫోన్ల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. భార్య మంగతాయారు పెద్దకర్మ ముగిసిన మర్నాడు కారు తీసుకుని బజారుకు బయలుదేరితే మోత మొదలైంది. దూరంగా ఎక్కడో పిండిమర ఆడుతున్నట్టు, సన్నగా, విడవకుండా వచ్చింది. కారు ఆపితే ఆగింది. దిగి నడిస్తే మళ్లీ వచ్చింది, నడకకు తగ్గట్టు నెమ్మదిగా. ఇంటికొచ్చాక వంటగదిలోకి వెళ్లి మంచినీళ్లు తెచ్చుకుంటుంటే కూడా వచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయి, ఏం చేయాలో తోచక, నిలబడి ఉన్నంతసేపూ మోత లేదన్న సంగతి గమనించారు.

చిక్కు ఎక్కడంటే, మోత కారుదైతే బాగుచేయించవచ్చు. అందుకు షెడ్లున్నాయి, విడిభాగాలున్నాయి. మోత మనిషిదే అయితే దానికి సంబంధించిన శాఖ లేదు. అది కారుదని తేలితే చాలునని వేదాద్రి గారు కోరుకున్నారు. అంతకుమించి ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు.

మెకానిక్ కాలేషా షెడ్డు పాత బస్టాండు వెనక ఉంది. ఆ కారు మంచిచెడ్డలు మొదట్నుంచీ అతనే చూస్తున్నాడు.

"ఏంది సార్, మీరొస్తుంటే సందు చివర్నుంచే తెలిసిపోతంది," అన్నాడు.

"ఇది కారుదంటావా, నాదంటావా?"

"ఈ రోజుల్లో చెప్పడం కష్టం సార్. మొన్న జీపాయన వచ్చాడు. క్లచ్ అనుకుని మొత్తం ఊడదీశాక, పాపం ఆయనకి ఆయాసమని తేలింది. పదండి, ఓసారి తిప్పి చూద్దాం."

కాలేషా కారు నడిపాడు. వేదాద్రి గారు పక్కన కూర్చున్నారు. వినవలసింది ఆయన్నే కనుక అద్దాలు ఎత్తేశారు. సిమెంటు రోడ్డు మీదా తారు రోడ్డు మీదా మోత ఒకేలా ఉంది. కనుక టైరు కాదు. యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా మారలేదు. కనుక ఇరుసు మధ్యలో ఉండే పళ్ల చక్రాలు కావు. వేగంతో పాటు పెరిగింది. కుడివైపు తిప్పితే బరువంతా ఎడమ చక్రాల మీద పడి వేదాద్రి గారు గట్టిగా మోగారు. ఎడమవైపు తిప్పితే తగ్గారు.

"ఎడం ఎనక బేరింగే సార్. మీదో, బండిదో," అన్నాడు కాలేషా.

షెడ్డుకు వచ్చాక ముందు కారును జాకీ మీద ఎత్తి చక్రాన్ని చేత్తో తిప్పాడు. ఉత్తర్వుకు కట్టుబడి అది చప్పుడు చేయలేదు. తర్వాత వేదాద్రి గారిని బల్ల మీద పడుకోబెట్టి, ఎడమ తొడ కింద చెక్కముక్క పెట్టి, కాలు గుండ్రంగా తిప్పాడు. పెద్ద స్క్రూడ్రైవర్ మొన తుంటి ఎముక మీద ఆనించి, పిడికి చెవి పెట్టి విన్నాడు.

"ఇసక పోసినట్టు గరగరమంటంది. నొప్పేమన్నా ఉందా?"

"నొప్పి కాదు. బరువుగా ఉంది."

"ఎవరన్నా ఎక్కి కూర్చున్నట్టా?"

"దిగిపోయినట్టు."

కాలేషా తల గోక్కున్నాడు. అతని అనుభవంలో మనుషులు ఎక్కితే కుంగిన బళ్లున్నాయి గానీ, దిగాక కుంగిన బండి లేదు. అయినా వాదించలేదు.

బదిలీ అయిన మోతల విషయంలో రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ ఎదుట తప్ప ఏదీ విప్పకూడదు. మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ హైమవతి గారు వచ్చారు. మర్యాద తెలిసిన మనిషి. చెప్పులు షెడ్డు బయటే విడిచి, ఆయిలు మరకలు చూసి మళ్లీ వేసుకున్నారు.

"మోత ఎవరిదండీ? బండిదా, ఓనరుదా? అది రాయందే విప్పడానికి లేదు."

"విప్పితేగానీ తెలవదు మేడమ్," అన్నాడు కాలేషా.

"అయితే ఓనర్ని విప్పండి ముందు."

"ఆయనకి బోల్టుల్లేవు మేడమ్."

ఇది సరైన అభ్యంతరమే. ఆవిడ ఒప్పుకుని, కారు విప్పడానికి అనుమతి ఇచ్చారు.

చక్రం, డ్రమ్ము ఊడదీసి కాలేషా బేరింగ్ లాగాడు. అది తుప్పు పట్టి, లోపలి ఉక్కు గుళ్లు గుంటలు పడి ఉంది. లోపల గ్రీజు నల్లగా లేదు. పసుపు ముద్దలా ఉంది. అందులో సన్నటి కొబ్బరి పీచు కూడా కనిపించింది.

"ఎవరు సార్, ఈ చక్రానికి నీళ్లు పోసేది?"

"మంగతాయారు," అన్నారు వేదాద్రి గారు. "శుక్రవారం శుక్రవారం నాలుగు చక్రాలకీ బొట్లు పెట్టేది. పసుపునీళ్లూ, కొబ్బరికాయ కొట్టిన నీళ్లూ మాత్రం దీనికే. 'వెనక సీట్లో నేనెప్పుడూ దీని మీదే కదా కూర్చునేది, నన్ను మోసేది ఇదే కదా' అనేది."

"సీలు ఎప్పుడో అరిగింది సార్. నీళ్లన్నీ లోపలికే పోయినై. మిగతా మూడూ బ్రహ్మాండంగా ఉన్నై." అతను బేరింగును వెలుతురుకు తిప్పాడు. "నేను కూడా దసరాకి దీని మీదే కొట్టేవోణ్ణి. అమ్మగారు ఇక్కడే కొట్టమనేవారు."

బేరింగును గుడ్డతో తుడవబోయాడు.

"తుడవకు," అన్నారు వేదాద్రి గారు.

హైమవతి గారు మోత కారుదేనని రాసుకున్నారు. అది విని వేదాద్రి గారు లేచి నిలబడ్డారు. పెద్దకర్మ తర్వాత ఆయన ముఖం కాస్త తేటపడటం కాలేషా అప్పుడే చూశాడు. కొత్త బేరింగ్, కొత్త సీలు వేసి, గ్రీజు దట్టించి, చక్రం బిగించారు. ముగ్గురూ కారులో బయలుదేరారు. కారు ఎప్పటిలాగే నిశ్శబ్దంగా వెళ్లింది. మలుపు దగ్గర కుడివైపు తిప్పగానే వేదాద్రి గారు గట్టిగా మోగారు.

కాలేషా వెనక్కి వచ్చి మళ్లీ విప్పాడు. కొత్త బేరింగ్ గాజుగోళీలా తిరుగుతోంది. బల్ల మీద మళ్లీ స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాడు. అదే ఇసక.

"బండిలో ఏం లేదు సార్. ఒట్టు," అన్నాడు. అతని గొంతులో తప్పు చేసిన బెదురు ఉంది గానీ, ఏ తప్పో అతనికి తెలియలేదు.

"పోనీ, దీన్ని మళ్లీ కారుకే పంపించడానికి వీలుందామ్మా?" అని వేదాద్రి గారు ఇన్‌స్పెక్టర్ని అడిగారు.

"బదిలీకి ఉత్తర్వుందండీ. తిరుగు బదిలీకి లేదు. ఇదివరకెవరూ అడగలేదు."

"అయితే ఇప్పుడు ఈ మోత ఎవరిది?"

హైమవతి గారు తొందరపడకుండా ఆలోచించారు. "కారుదేనని తేల్చాం. కారులో కారణం దొరికింది. దాన్ని తీసేశాం. కారణం తీసేశాక మోత ఉండదండీ."

"వినిపిస్తోంది కదమ్మా."

"వినిపిస్తోందండీ. నాక్కూడా వినిపిస్తోంది." ఆవిడ కలం మూత తీశారు. "లేదని రాస్తున్నాను."

అది కఠినంగా అన్న మాట కాదు. సంతకం చేశాక ఆయన చేయి పట్టుకుని షెడ్డు గడప దాటించారు కూడా.

ఆ తర్వాత వేదాద్రి గారు మామూలుగానే తిరుగుతున్నారు. కూరగాయల బండి దగ్గరికి నడిచి వెళ్తారు. కుడివైపు మలుపుల్లో అడుగు నెమ్మదిస్తారు. మొదట్లో పక్కింటివాళ్లు తలుపులు దగ్గరగా వేసుకునేవారు. ఇప్పుడు అదీ లేదు. ఆయన ఎదురైతే కాస్త గొంతు పెంచి మాట్లాడటం వీధి మొత్తానికి అలవాటైంది. పెంచుతున్నామన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. ఎప్పుడైనా ఎవరైనా ఆ మోత సంగతి ఏమైందండీ అని అడిగితే, బాగైపోయిందండీ, అంటారు ఆయన. అవతలివాళ్లకు వినపడాలని తను కూడా కాస్త గట్టిగానే అంటారు.